హెల్మెట్ హోరుకు థర్మోకోల్ చెక్కడం మందు కాదు

నెల్లూరు, ఒంగోలు బైకు మిత్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తెగ తిరుగుతోంది. హైవే మీద హెల్మెట్‌లో గాలి హోరు వినిపిస్తే అది నాసిరకం సరుకని తేల్చేస్తుంది. గాలి రంధ్రాలను టేపుతో మూసేయమంటుంది. చెవుల దగ్గర థర్మోకోల్ కాస్త చెక్కి స్పాంజి కుక్కమంటుంది. బండికి వీలైనంత ఎత్తయిన విండ్‌షీల్డ్ పెట్టించమంటుంది. ఇయర్ ప్లగ్‌లు పెట్టుకుంటే లారీ హారన్ వినపడక ప్రాణం పోతుందని బెదిరిస్తుంది. హోరుతో చెవికి నష్టం లేదని, కొన్నాళ్లకు అలవాటైపోతుందని, మరీ ఇబ్బందైతే పట్టీ వదులు చేసుకోవాలని ముగుస్తుంది. ఈ సలహాల్లో రెండు నేరుగా ప్రాణం మీదికి తెచ్చేవి. ఎవరైనా వీటిని నమ్మి మంచి హెల్మెట్‌కు చాకు పెడతారేమోనన్న భయంతోనే ఇది రాస్తున్నాను.

అందుకే ముందు థర్మోకోల్ సంగతి. బయటి గట్టి చిప్ప దెబ్బను విస్తరింపజేస్తుంది. ఆ దెబ్బ తాకిడిని మింగేది లోపలి థర్మోకోల్ పొర. అది నలిగిపోతూ, తల ఆగే క్షణాన్ని కాస్త సాగదీస్తుంది. మెదడుకు అందే అదురు తగ్గేది అలాగే. స్పాంజికి ఆ గుణం లేదు, వేలితో నొక్కినా పూర్తిగా అణిగిపోతుంది. చెక్కిన చోట దెబ్బ తగిలితే తలకూ చిప్పకూ మధ్య అడ్డం ఏమీ ఉండదు. హెల్మెట్లకున్న భారత ప్రమాణం ఐఎస్ 4151 ప్రకారం పరీక్షించేది మొత్తం హెల్మెట్‌ను. 2021 జూన్ 1 నుంచి ద్విచక్ర వాహనాల హెల్మెట్లకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయింది. చాకు తగిలిన హెల్మెట్‌పై ఆ గుర్తుకు విలువ లేదు. స్పాంజిని అంటించడానికి వాడే జిగురులోని ద్రావకాలు ప్లాస్టిక్ చిప్పను కూడా పెళుసుబార్చగలవు. పోనీ ఇంత చేస్తే శబ్దమైనా తగ్గుతుందా? గాలి హోరులో ఎక్కువ భాగం బొంగురు ధ్వని, తక్కువ పౌనఃపున్యాలది. పలుచని స్పాంజి ముక్క దాన్ని ఆపలేదు.

ఇక నాసిరకం అన్న మాట. గంటకు అరవై, అరవై అయిదు కిలోమీటర్లు దాటాక ఇంజిన్ చప్పుడు కంటే గాలి చప్పుడే పైచేయి అవుతుంది. ఇది ఏ హెల్మెట్‌కైనా తప్పదు, వేల రూపాయలు పోసి కొన్నదానికీ తప్పదు. గుండ్రటి వస్తువును గాలి ఒరుసుకుపోయేటప్పుడు వెనుక సుడులు లేస్తాయి. అవి చిప్పను అదిరిస్తాయి, గడ్డం కింది సందులోంచి లోపలికి దూరతాయి. చెవికి చేరే హోరుకు పెద్ద దారి ఆ కింది సందే. రద్దీ లేని తిన్నని రోడ్డు మీద భుజాలు కొద్దిగా పైకెత్తి, గడ్డం కిందికి దించి చూడండి. హోరు చప్పున తగ్గితే లోపం మెడ దగ్గరుందని అర్థం. మెడకు పలుచని నూలు గుడ్డ చుట్టి, కొసలు చొక్కా లోపలికి దోపుకుంటే చాలావరకు సర్దుకుంటుంది. కొన్ని హెల్మెట్లకు గడ్డం కింద తగిలించే గుడ్డ తెర కూడా దొరుకుతుంది. బుగ్గల దగ్గరి మెత్తలు అరిగి హెల్మెట్ తల మీద ఊగుతుంటే, అదే కంపెనీ మెత్తలు తెప్పించి మార్చాలి. కొత్తది కొనేటప్పుడు తలకు సరిపోయే సైజు చూసుకోవడం ధర చూసుకోవడం కంటే ముఖ్యం. చెవులు మూయని హాఫ్ హెల్మెట్ పెట్టుకునేవారికి ఈ చిట్కాలేవీ పనిచేయవు. వాళ్లు ఫుల్ ఫేస్‌కు మారాల్సిందే.

టేపు గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. సన్నని ఈల వేరు, హోరు వేరు. ఈల రంధ్రాల మూతల నుంచో, అద్దం చుట్టూ ఉండే రబ్బరు అంచు నుంచో వస్తుంది. రబ్బరు ఎండి చిట్లితే మార్చుకోవాలి. టేపుతో ఈల తగ్గవచ్చు గానీ హోరు తగ్గదు. పైగా మే నెల ఎండలో తల ఉడికిపోతుంది, ఈశాన్య రుతుపవనాల వానల్లో అద్దానికి ఆవిరి పట్టి దారి కనపడదు.

విండ్‌షీల్డ్ విషయంలో సందేశంలో సగం నిజం ఉంది, ఆ సగమే మనుషుల్ని దారి తప్పిస్తోంది. ఎత్తయిన విండ్‌షీల్డ్ ఛాతీ మీది గాలి ఒత్తిడిని తగ్గిస్తుంది. కానీ దాని పై అంచు దాటిన గాలి సుడులుగా చెదురుతుంది. ఆ సుడులు సరిగ్గా హెల్మెట్‌ను తాకే ఎత్తులో ఉంటే, విండ్‌షీల్డ్ లేనప్పటికంటే హోరు ఎక్కువవుతుంది. అసలు విండ్‌షీల్డ్ లేని బండి మీద తలకు తగిలేది చెదరని గాలి, దాని శబ్దం ఒక్కోసారి తక్కువ. పరీక్షించడం తేలిక. ఖాళీ రోడ్డు మీద, మితమైన వేగంలో, సీటు మీద కాస్త నిటారుగా సాగి, తర్వాత కాస్త వంగి, రెండింటిలో ఎప్పుడు శబ్దం తగ్గిందో గమనించాలి. నిటారుగా ఉన్నప్పుడు తగ్గితే మీకు కావలసింది పొట్టి విండ్‌షీల్డ్. వంగినప్పుడు తగ్గితే ఎత్తుదో, కోణం మార్చడమో పనికొస్తుంది. రైడర్ ఎత్తు, సీటు ఎత్తు, హ్యాండిల్ అమరిక కలిసి తేల్చే లెక్క ఇది. ఆరడుగుల మనిషికి కుదిరింది అయిదడుగుల మనిషికి కుదరదు.

మన దారికి మరో రెండు చిక్కులున్నాయి. పదహారో నంబరు జాతీయ రహదారి మన దగ్గర సముద్రానికి కొద్ది దూరంలో, దాదాపు ఉత్తర దక్షిణాలుగా సాగుతుంది. మధ్యాహ్నం దాటాక తూర్పు నుంచి కడలి గాలి అడ్డంగా కొడుతుంది. కావలి దాటి సింగరాయకొండ, టంగుటూరు వైపు వెళ్తుంటే కుడి చెవిలో హోరు పెరగడానికి కారణం అదే, దానికి హెల్మెట్‌ను తిట్టి లాభం లేదు. ఎండాకాలంలో పడమటి వడగాలి వీస్తే ఎడమ చెవికి వంతు వస్తుంది. ఇక కృష్ణపట్నం రేవుకు పోయే పెద్ద లారీల వెనుక నడిపితే, లారీ రేపిన సుడులన్నీ హెల్మెట్ మీదికే. దూరం పాటిస్తే శబ్దమూ తగ్గుతుంది, ముందు దారీ కనబడుతుంది.

నష్టం లేదన్న మాట అన్నిట్లోకీ పెద్ద అబద్ధం. గంటకు వంద కిలోమీటర్ల వేగంలో ఫుల్ ఫేస్ హెల్మెట్ లోపల కూడా శబ్దం 100 డెసిబెల్‌ల దరిదాపుల్లో ఉంటుందని కొలతలు చెబుతున్నాయి. అమెరికాలో పనిచోట ఆరోగ్యాన్ని పరిశీలించే నియోష్ సంస్థ ఇచ్చిన హద్దు 85 డెసిబెల్‌లకు రోజుకు 8 గంటలు. ఆపైన ప్రతి 3 డెసిబెల్‌లకు ఆ సమయం సగమవుతుంది. ఆ లెక్కన 100 డెసిబెల్‌లకు దక్కేది 15 నిమిషాలే. నెల్లూరు నుంచి కావలి సుమారు 55 కిలోమీటర్లు, వంద వేగంతో పోయినా అర గంట దాటుతుంది. దిగాక చెవుల్లో గుయ్‌మనడం, ఎదుటివారి మాట దూరం నుంచి వచ్చినట్టుండడం అలసట మాత్రమే కాదు, లోపలి చెవి దెబ్బతింటోందని హెచ్చరిక. అక్కడ శబ్దాన్ని పట్టే సన్నని కేశకణాలు మనిషికి ఒకసారి పోతే మళ్లీ మొలవవు. అలవాటు పడడం అని సందేశం పిలుస్తున్నది వినికిడి తగ్గడాన్ని. వేగం వందనుంచి ఎనభైకి తగ్గిస్తే హోరు దాదాపు 5 డెసిబెల్‌లు దిగుతుంది, అంటే శబ్దశక్తి మూడో వంతుకు పడిపోతుంది. కావలికి చేరడంలో ఆలస్యం ఎనిమిది నిమిషాలు.

ఇయర్ ప్లగ్ వల్ల హారన్ వినపడదన్నది వినడానికి సబబుగా ఉంటుంది, అందుకే బాగా పాకింది. ప్లగ్ హోరునూ హారన్‌నూ రెంటినీ తగ్గిస్తుంది. హోరు కంటే హారన్ ఎంత పైకి తేలి వినిపిస్తోందన్నదే మనకు కావలసింది, ఆ తేడా దాదాపు అలాగే ఉంటుంది. హోరుతో చెవి మొద్దుబారిపోయినవాడికి హారన్ ఇంకా కష్టంగా వినిపిస్తుంది. పాటలు వినే ఇయర్‌ఫోన్‌లను, ఈ మెత్తని ఫోమ్ ప్లగ్‌లను ఒకే గాటన కట్టడం ఇంకో పొరపాటు. హోరును మించి పాట వినపడాలంటే ధ్వని ఇంకా పెంచాలి, చెవి మీద రెండు భారాలు పడతాయి. ఫోమ్ ప్లగ్‌ను శుభ్రమైన చేతులతో సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి లోపలికి పెట్టి, అది ఉబ్బేదాకా వేలితో పట్టుకోవాలి. దూది పెట్టుకుంటే ప్రయోజనం నామమాత్రం. ఊళ్లోకి వచ్చాక, ట్రంకు రోడ్డు రద్దీలో, ప్లగ్‌ల అవసరం లేదు, బండి పక్కకు ఆపి తీసేయవచ్చు. చెవిలో చీము, నొప్పి ఉన్నవారు, ఇప్పటికే వినికిడి తగ్గినవారు డాక్టరును అడిగాకే వాడాలి.

చివరిది పట్టీ. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ హెల్మెట్ పెట్టుకోవడంతో ఆగలేదు, దాన్ని పట్టీతో తలకు గట్టిగా బిగించి ఉండాలంటుంది. వదులు పట్టీతో పడితే హెల్మెట్ తల నుంచి ఊడిపోతుంది. హోరు విషయానికి వచ్చినా, పట్టీ వదులైతే గాలికి హెల్మెట్ పైకి లేస్తుంది, గడ్డం కింది సందు పెద్దదై హోరు మరింత పెరుగుతుంది.