0.6 శాతం అంటే ఎన్ని రూపాయలు?

డోటా 2 అనే వీడియో గేమ్‌లో ఒక ప్రత్యేక దెబ్బకు 25 శాతం అవకాశం ఉందని రాసి ఉంటే, అది మొదటిసారే పడే అవకాశం నిజానికి 8.5 శాతమే. పడకపోతే రెండోసారికి 17 అవుతుంది, మూడోసారికి 25 దాటుతుంది. అలా పెరుగుతూ పోయి పన్నెండోసారికి ఖాయంగా పడుతుంది. పడగానే లెక్క మళ్లీ 8.5 దగ్గర మొదలు. సగటు తీస్తే 25 శాతమే వస్తుంది కాబట్టి రాసింది అబద్ధం కాదు. అయితే లోపల తిరుగుతున్నది మనం అనుకునే పాచిక మాత్రం కాదు.

ఇంత తంటా ఎందుకంటే, అసలైన పాచికను మనుషులు నమ్మరు. 25 శాతం అవకాశం వరుసగా పదిసార్లు తప్పడానికి 5.6 శాతం ఆస్కారం ఉంది. వందల దెబ్బలు పడే మ్యాచ్‌లో ఇది తరచుగానే ఎదురవుతుంది. ఎదురైనప్పుడు ప్లేయర్ తన అదృష్టాన్ని తిట్టుకోడు, ఆటే మోసం చేస్తోందంటాడు. నాలుగింట ఒకటి అంటే నాలుగోసారికి బాకీ తీరాలని మన మనసు లెక్కేసుకుంటుంది. వైకుంఠపాళిలో పెద్దపాము నోట పడినవాళ్లు ‘ఈసారి నిచ్చెన రావాల్సిందే’ అనుకుంటూ గవ్వలు వేసేది ఈ నమ్మకంతోనే. పోయినసారి ఏం పడిందో గవ్వలకు గుర్తుండదు, మనకు ఉంటుంది. గేమ్ డిజైనర్ చేసే పని ఆ గవ్వలకు జ్ఞాపకం పెట్టడం.

ఈ పని ఆట బాగు కోసం జరిగిన సందర్భాలు చాలా ఉన్నాయి. సివిలైజేషన్ ఆటల రూపకర్త సిడ్ మెయర్ 2010లో గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో ఒక సంగతి చెప్పారు. మూడుకు ఒకటి చొప్పున తమవైపే మొగ్గున్న పోరులో ఓడిపోతే ప్లేయర్లు అన్యాయం అంటారు. అదే లెక్క ఎదుటివాడివైపు ఉండి తాము గెలిస్తే ఎవరూ నోరెత్తరు. ఫైర్ ఎంబ్లెమ్ ఆటల్లో 2002 నుంచి కొన్నేళ్లు ఒకటికి బదులు రెండు యాదృచ్ఛిక సంఖ్యల సగటు తీసుకున్నారు. దాంతో తెర మీద 90 అని కనిపించే దెబ్బ నిజంగా 98 శాతం తగులుతుంది, 10 అని కనిపించేది 2 శాతమే తగులుతుంది. ‘తొంభై అంటే తగిలినట్టే’ అన్న మన భావనకు సరిపోయేలా సంఖ్యనే వంచారన్నమాట.

సంఖ్యను ముట్టుకోకుండా మాటను మార్చిన ఉదాహరణ వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్. అదేపనిగా ఆడేవాళ్లకు కాసేపటి తర్వాత అనుభవ పాయింట్లు సగానికి పడిపోయేలా మొదట పరీక్ష దశలో పెట్టారు. ప్లేయర్లు మండిపడ్డారు. అప్పుడు అదే లెక్కను తిరగేసి, విశ్రాంతి తీసుకుని వచ్చినవాళ్లకు 200 శాతం, తర్వాత మామూలుగా 100 శాతం అని రాశారు. అదే వ్యవస్థను బోనస్ అని మెచ్చుకున్నారు. రావడం వల్ల కలిగే సంతోషం కంటే పోవడం వల్ల కలిగే బాధ బరువైనదని మనస్తత్వ శాస్త్రవేత్తలు కానెమన్, ట్వర్‌స్కీ 1979లో చెప్పిన సూత్రానికి ఇంతకంటే శుభ్రమైన నమూనా దొరకదు. వీటిని నేను మోసంగా లెక్కవేయను. ప్లేయర్ పెడుతున్నది సమయం, అందుకుంటున్నది ఆట. మధ్యలో డబ్బు లేదు.

డబ్బు వచ్చేసరికి ఇదే పనితనం వేరే యజమానికి కొలువు చేస్తుంది. 2020లో విడుదలైన గెన్‌షిన్ ఇంపాక్ట్ తీసుకుందాం. ఇందులో పాత్రలు లాటరీ చీటీ తీసినట్టు వస్తాయి. అలా తీసే ఒక్కో ప్రయత్నం ‘పుల్’. ఒక్కో పుల్‌కు అన్నిటికంటే అరుదైన ఐదు నక్షత్రాల పాత్ర వచ్చే అవకాశం 0.6 శాతం. ఊరికే అంతే అయితే, పదిమందిలో ఒకరికి 380 పుల్స్ దాటినా ఏమీ దక్కదు. వాళ్లంతా ఆట వదిలేసి పోతారు. అందుకే గేమర్లు ‘పిటీ’ అని పిలిచే ఏర్పాటు ఉంది: 89 సార్లు రాకపోతే 90వ పుల్‌కు తప్పక వస్తుంది. ప్లేయర్లు పోగేసిన లెక్కల ప్రకారం దాదాపు 74వ పుల్ నుంచే అవకాశం జోరుగా పెరుగుతుంది. ఇక్కడా గవ్వలకు జ్ఞాపకం పెట్టారు. కానీ ఈ జ్ఞాపకం కొక్కెంలా పనిచేస్తుంది. గమ్యం దగ్గరపడేకొద్దీ ఎలుక పరుగు పెంచుతుందని 1930ల్లోనే మనస్తత్వ శాస్త్రవేత్త క్లార్క్ హల్ గమనించాడు. 65 పుల్స్ అయిపోయినవాడి పరిస్థితి అదే. ఇప్పుడు ఆపితే పెట్టిందంతా వృథా అనిపిస్తుంది, ఇంకొంచెం పెడితే చేతికొస్తుందనిపిస్తుంది. నిజానికి ఆ లెక్క చెరిగిపోదు, తర్వాత వచ్చే పాత్రల విడతకు (బ్యానర్) కొనసాగుతుంది. అయినా కావాల్సిన పాత్ర మూడు వారాల్లో వెళ్లిపోతుందన్న గడువు ఆ ఊరటను మింగేస్తుంది.

వచ్చిన పాత్ర కోరుకున్నదే అవుతుందన్న హామీ కూడా లేదు. విడుదలనాటి నియమం ప్రకారం అది సగం సగం. తప్పితే మరో 90. అంటే అదృష్టం అస్సలు కలిసిరాకపోతే 180 పుల్స్. పుల్‌కు 160 ప్రిమోజెమ్‌ల (ఆటలో చెల్లే నాణేలు) చొప్పున 28,800. ఇవి కొన్ని ఆడితే ఉచితంగానే వస్తాయి. కొనాలంటే మాత్రం దారి మెలికలు తిరుగుతుంది: డబ్బుతో జెనెసిస్ క్రిస్టల్స్, వాటితో ప్రిమోజెమ్‌లు, వాటితో పుల్‌కు కావాల్సిన టోకెన్. మొదటి కొనుగోలు బోనస్ పక్కనపెడితే 100 డాలర్ల ప్యాక్‌లో 8,080 క్రిస్టల్స్. భాగిస్తే మూడున్నర ప్యాక్‌లకు పైనే, అంటే 350 డాలర్లు దాటుతుంది. ఈ భాగాహారం ఆట మనకు చేసిపెట్టదు. చేత్తో నోట్లు లెక్కపెట్టేటప్పుడు కలిగే నొప్పిని మూడు పొరల నాణేలు మొద్దుబారుస్తాయి. ఆపైన పుల్ నొక్కగానే ఆకాశం నుంచి రాలే తోకచుక్క. అది నీలమా, ఊదానా, బంగారమా అన్నది పాత్ర కనబడకముందే తెలుస్తుంది. పండ్లరసం కంటే ముందు, అది వస్తుందన్న సంకేతానికే కోతుల మెదడులోని డోపమైన్ కణాలు స్పందిస్తాయని మెదడు శాస్త్రవేత్త వోల్ఫ్‌రామ్ షుల్ట్జ్ ప్రయోగాల్లో తేలింది. ఆ రంగు చేసే పని అలాంటిదే.

ప్రభుత్వాలు మొదట పట్టుకున్న పరిష్కారం శాతం బయటపెట్టమనడం. 2017 మే నుంచి చైనా అది తప్పనిసరి చేసింది. మంచిదే, కానీ చాలదు. ఇలా ఏది వస్తుందో తెలియకుండా డబ్బు పెట్టి తీసే లాటరీ పద్ధతిని ‘గాచా’ అంటారు. శాతం చెబితే ఎందుకు చాలదో, సెట్ మొత్తం కూడబెడితేనే బహుమతి ఇచ్చే, జపాన్ 2012లో అడ్డుకున్న ‘కంప్లీట్ గాచా’ చూస్తే అర్థమవుతుంది. సమాన అవకాశం ఉన్న ఆరు బొమ్మల సెట్ పూర్తిచేస్తే పెద్ద బహుమతి అనుకుందాం. మొదటి మూడు సగటున 3.7 సార్లకే వచ్చేస్తాయి. మిగతా మూడింటికి 11 సార్లు పడుతుంది, చివరి ఒక్కదానికే 6. ప్రతి బొమ్మకూ ఆరింట ఒకటని నిజాయితీగానే రాసిపెట్టినా, సగం సెట్ చేతిలో పడ్డవాడు ‘సగం అయిపోయింది’ అనే అనుకుంటాడు. అప్పటికి అయింది నాలుగో వంతే. బెల్జియం 2018లో కొన్ని ఆటల లూట్ బాక్సులను (లోపల ఏముందో తెలియకుండా కొనే పెట్టెలను) ఏకంగా జూదమని తేల్చింది. 2025 జనవరిలో అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ, గెన్‌షిన్ సంస్థతో 2 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంటూ పెట్టిన షరతులు నాకు అన్నిటికంటే తెలివైనవిగా కనిపిస్తాయి. 16 ఏళ్లలోపు వాళ్లకు తల్లిదండ్రుల అనుమతి లేకుండా లూట్ బాక్సులు అమ్మకూడదు. ఆట నాణేలతో అమ్మితే, నేరుగా డబ్బుతో కొనే దారి కూడా ఉండాలి. నాణేల మారకం లెక్క చూపాలి.

మన దగ్గర తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ రమ్మీ మీద పడ్డాయి. 2025 ఆగస్టులో కేంద్ర చట్టం ఆన్‌లైన్ డబ్బు ఆటలన్నిటినీ నిషేధించింది. వీటన్నిటి చూపు డబ్బు గెలుచుకోవడం మీదే. డబ్బు పోసి, ఆట లోపలే ఉండిపోయే తుపాకీ స్కిన్ (పై హంగు) కోసం క్రేట్లు అనే లూట్ బాక్సులు తెరిచే పిల్లవాడి గోడు వాటికి పట్టలేదు. ఫోన్‌లో ఆడే తుపాకుల పోరు ఆట బీజీఎంఐ 2021లో వచ్చినప్పుడు మైనర్లకు రోజుకు 3 గంటల ఆట, 7,000 రూపాయల ఖర్చు అని పరిమితి పెట్టింది. నెలకు 2,10,000. దీన్ని పరిమితి అని ఏ ఇంట్లో అంటారు?

ఇంట్లో చేయగలిగింది కొంత ఉంది. ఫోన్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగే సెట్టింగ్ పెట్టుకోవాలి. గాచా ఆడే పిల్లలను ‘ఎంతసేపు ఆడావు’ అని కాక ‘పిటీ ఎంతలో ఉంది’ అని అడగాలి. అరవై దాటిందంటే చేయి ఆగని చోటు అదే. టాప్ అప్ విషయం మాట్లాడాల్సింది అప్పుడు.

మిగతాది చట్టం చేయాలి. లెక్క కంపెనీ సర్వర్‌లో ఇప్పటికే ఉంది. ఎన్ని పుల్స్ అయ్యాయో, ఇంకా గరిష్ఠంగా ఎన్ని పడతాయో, ఒక్కోదాని ధర ఎంతో దానికి తెలుసు. శాతాన్ని సమాచారం పేజీలో చిన్న అక్షరాల్లో పెట్టే బదులు పుల్ బటన్ మీదే రాయించాలి: ‘63 అయ్యాయి, ఈ పాత్ర ఖాయంగా దక్కాలంటే ఇంకా 117 వరకు పట్టవచ్చు’. దాని కింద, రూపాయల్లో, ఆ 117 ఖరీదు.