వారసత్వానికి పన్ను లేదు, సరే. మరి అమ్మితే?

వాట్సాప్‌లో ఒక మెసేజీ చాలాకాలంగా తిరుగుతోంది. సారాంశం ఇది: "మన దేశంలో వారసత్వ పన్ను లేదు. అందుకని తల్లిదండ్రుల ఆస్తి అమ్ముకున్నా పన్ను కట్టక్కర్లేదు. ఆఫీసు ఇచ్చే పీఎఫ్, గ్రాట్యుటీ, సెలవుల డబ్బు, ఫ్యామిలీ పెన్షన్ అన్నిటికీ మినహాయింపే. పోయిన మనిషి పేర రిటర్ను వెయ్యనవసరం లేదు." పంపేవాళ్లది మంచి ఉద్దేశమే. నోటీసు వచ్చేది మాత్రం నమ్మినవాళ్లకి.

మొదటి వాక్యం నిజం. 1953లో వచ్చిన ఎస్టేట్ డ్యూటీ (పోయినవాళ్లు వదిలిన ఆస్తి మీద వేసే పన్ను) ఒక దశలో 85 శాతం దాకా వెళ్లింది. 1985లో ఎత్తేశారు. 2024 ఎన్నికలప్పుడు మళ్లీ తెస్తారంటూ రగడ జరిగింది గానీ చట్టమేదీ రాలేదు. వీలునామాతో వచ్చినా, లేకుండా వచ్చినా, వారసత్వంగా వచ్చిన ఆస్తిని ఆదాయంగా లెక్కగట్టరు.

"అమ్ముకున్నా పన్ను లేదు."

ఉంది. పన్ను లేనిది ఆస్తి చేతికి రావడానికి మాత్రమే. ఆ ఇంటి మీద వచ్చే అద్దె, ఆ డిపాజిట్ మీద వచ్చే వడ్డీ ఆ రోజు నుంచి వారసుల ఆదాయమే. అమ్మితే మూలధన లాభం, అంటే అమ్మిన ధరలోంచి కొన్న ధర తీసేస్తే మిగిలేది, లెక్క కట్టాలి.

ఉదాహరణకి, తండ్రి 1988లో 40,000కి స్థలం కొన్నాడు. 2019లో అది కూతురికి వచ్చింది. 2025 డిసెంబరులో 40 లక్షలకి అమ్మింది. ఆమె రూపాయి పెట్టలేదు కదా అని కొన్న ధర సున్నా అనుకోనక్కర్లేదు. తండ్రి కొన్న ధరే ఆమె ధర, తండ్రి ఉంచుకున్న కాలమూ ఆమెదే. పైగా 2001 ఏప్రిల్ 1కి ముందు కొన్నది కాబట్టి, ఆనాటి మార్కెట్ విలువను రిజిస్ట్రేషన్ విలువ మించకుండా తీసుకోవచ్చు. అది 3 లక్షలనుకుందాం. లాభం 37 లక్షలు, 12.5 శాతం చొప్పున పన్ను 4,62,500, సెస్సు అదనం. 2024 జులై 23కి ముందు కొన్న స్థలాలకి ఇండెక్సేషన్‌తో (ధరల పెరుగుదల మేరకు కొన్న ధరని పెంచి చూపడం) 20 శాతం లెక్క కూడా వేసి చూసుకోవచ్చు. ఈ కేసులో ఆ పన్ను 5,74,400 అవుతుంది కనుక 12.5 శాతం లెక్కే మేలు. పట్టణ పరిధికి దూరంగా ఉన్న పల్లె పొలమైతే కథ వేరు: అది మూలధన ఆస్తే కాదు, అమ్మితే ఈ పన్ను రాదు. మెసేజీ రాసినాయన పొలం సంగతి విని స్థలానికీ అంటగట్టాడేమో!

"ఆఫీసు డబ్బు అంతా మినహాయింపే."

గ్రాట్యుటీ ప్రభుత్వ ఉద్యోగికి పూర్తిగా మినహాయింపు. ప్రైవేటులో జీవితకాలం మొత్తానికి, ఎన్ని కంపెనీలు మారినా, గరిష్ఠంగా 20 లక్షలు. సెలవుల డబ్బు ఉద్యోగంలో ఉండగా తీసుకుంటే మొత్తం జీతంలో కలుస్తుంది. రిటైరయ్యాక ప్రైవేటు ఉద్యోగికి 25 లక్షల దాకా మినహాయింపు ఉంది. ఉద్యోగి చనిపోయాక వారసులకిచ్చే సెలవుల డబ్బుకైతే పన్ను లేదు. పీఎఫ్‌ని ఐదేళ్ల సర్వీసు నిండకుండా, కంపెనీ మారుతూ తీసేసుకుంటే పన్ను పడుతుంది. పాత ఖాతాని కొత్తదానికి బదిలీ చేసుకుంటే ఆ సర్వీసూ కలుస్తుంది.

"ఫ్యామిలీ పెన్షన్‌కి పన్ను లేదు."

సాయుధ దళాల్లో విధి నిర్వహణలో మరణించిన వారి కుటుంబాల వంటి కొన్ని మినహాయింపులు తప్పిస్తే, ఉంది. అయితే అది జీతం కాదు, ఇతర ఆదాయం కిందికి వస్తుంది. జీతంలోంచి నేరుగా తీసేసే స్టాండర్డ్ డిడక్షన్ (కొత్త పన్ను విధానంలో 75,000) దీనికి వర్తించదు. మూడో వంతు లేదా 25,000, ఏది తక్కువైతే అది తీసేస్తారు (కొత్త విధానంలో. పాతదాంట్లో 15,000). నెలకి 30,000 వచ్చే అమ్మకి వేరే ఆదాయం లేకపోతే ఎలాగూ కట్టాల్సింది సున్నానే.

"పోయినవాళ్ల రిటర్ను అక్కర్లేదు."

మరణించిన రోజు వరకు వచ్చిన ఆదాయం పన్ను పరిమితి దాటితే వారి పేరనే రిటర్ను వెయ్యాలి, వారసుడు ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో చట్టబద్ధ వారసుడిగా నమోదై వెయ్యాలి. బకాయి ఉంటే వారసుడు కట్టాల్సింది తనకి సంక్రమించిన ఆస్తి మేరకే, సొంత జేబులోంచి కాదు. బ్యాంకు ముందే కోసుకున్న పన్ను (టీడీఎస్) వెనక్కి రావాలన్నా ఆ రిటర్ను పడాల్సిందే.