పేరు మీ పేరిట ఉందా?

మన అనంతపురం చుట్టుపక్కల ఈ మధ్య ఎవరిని కదిపినా ఆన్‌లైన్‌లో ఏదో ఒకటి అమ్ముతున్నారు. చెనిక్కాయల (వేరుశనగ) పొడి, జొన్న రొట్టెలు, ఓళిగలు, ధర్మవరం చీరలు, రాయదుర్గం జీన్స్. ఇంట్లో చేస్తారు, వాట్సాప్‌లో ఆర్డర్ తీసుకుంటారు, కొరియర్‌లో వేస్తారు. చాలా సంతోషం. కానీ వీళ్లను ఆపి "ఆ పేరు మీ పేరిట ఉందా?" అని అడిగి చూడండి. "ఉంది కదబ్బా, ప్యాకెట్ మీద వేసుకున్నాం కదా" అంటారు.

ప్యాకెట్ మీద వేసుకోవడం వేరు, మన పేరిట ఉండటం, అంటే ప్రభుత్వం దగ్గర ట్రేడ్‌మార్క్‌గా రిజిస్టర్ చేయించుకోవడం వేరు. భూమి విషయంలో ఈ తేడా మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. గట్టు ఒక అడుగు జరిగితే పంచాయితీ పెట్టే జనం మనం. పాస్‌పుస్తకం, అడంగల్, ఈసీ అని ఆఫీసుల చుట్టూ చెప్పులు అరిగేలా తిరుగుతాం. అదే రేయింబవళ్లు కష్టపడి నిలబెట్టుకున్న పేరు దగ్గరికి వచ్చేసరికి "మనది ఎవడు కాపీ కొడతాడులే" అని వదిలేస్తాం. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

మా చిన్నాయన దగ్గర ఈ మాట ఎత్తితే ఒకటే అంటాడు. "పేరుదేముంది అబ్బయ్యా, సరుకు బాగుంటే జనమే వెతుక్కుంటా వస్తారు." ఆయన వ్యాపారం చేసిన కాలానికి అది నిజమే. పాతూరులో అంగడికి వచ్చినవాడు రెండు గింజలు నోట్లో వేసుకుని, నచ్చితే తూకం వేయమనేవాడు. బెంగళూరులో ఫ్లాట్‌లో కూర్చుని ఫోన్‌లో కొనేవాడికి నోట్లో వేసుకునే వీలెక్కడిది? వాడికి కనబడేది ఫొటో, రేటు, నక్షత్రాలు, పేరు. ఫొటో ఎవడైనా దించుకుంటాడు. రేటు ఎవడైనా పది రూపాయలు తగ్గిస్తాడు. ఇక మనదని చెప్పుకోవడానికి మిగిలేది పేరొక్కటే.

మా వదిన చెనిక్కాయల పొడి చేస్తుంది. గింజలను సన్నమంట మీద పొట్టు చిట్లేదాకా వేయించి, చల్లారాక నలిపి చెరిగి, ఎండుమిరప, తెల్లగడ్డ, ఉప్పు చేర్చి మిక్సీని ఆపుతూ ఆపుతూ తిప్పుతుంది. కాస్త ఎక్కువ తిప్పితే నూనె వదిలి ముద్దయిపోతుంది. ఆ పొడిని ఒక పెద్ద ఆన్‌లైన్ అంగట్లో పెట్టాం, ఏదో చెప్పను. రివ్యూలు బాగా వచ్చాయి. ఉన్నట్టుండి వరసబెట్టి ఒక్క నక్షత్రం రివ్యూలు మొదలయ్యాయి. ఒకాయన ఫొటో కూడా పెట్టాడు. తెల్ల కవరు, దాని మీద వంకరగా అతికించిన స్టిక్కర్, లోపల నూనె కక్కి అడుగున గడ్డకట్టిన పొడి. అది మా వదిన చేసింది కానే కాదు. మా లిస్టింగ్‌కే, అంటే మా సరుకు పేజీకే, మా ఫొటోకే ఇంకెవడో సెల్లర్ కాస్త తక్కువ రేటుతో తగులుకున్నాడు. కొనేవాడికి పైన కనబడేది మా పేరు, ఇంటికి వచ్చేది వాడి సరుకు, తిట్లు మాత్రం మాకు.

కంప్లైంట్ పెడితే అవతలి నుంచి వచ్చిన మొదటి ప్రశ్న "మీ ట్రేడ్‌మార్క్ నంబర్ ఎంత?" మేము ఎవరం, ఎన్నాళ్లుగా చేస్తున్నాం, పొడి ఎలా ఉంటుంది, ఇవేవీ వాళ్లకు అక్కర్లేదు. వదిన అప్పటికే దరఖాస్తు వేసి ఉంది కాబట్టి నంబర్ ఇచ్చాం, నాలుగైదు మెయిళ్ల తర్వాత ఆ సెల్లర్‌ను తీసేశారు. ఆ రివ్యూలు మాత్రం ఇప్పటికీ అక్కడే ఉన్నాయి, అది వేరే పురాణం.

ఈ తగులుకునే వ్యవహారం చిన్నదేం కాదు, హైకోర్టు దాకా వెళ్లింది. 2022 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు 'వి ట్రెడిషన్' అనే ఆడవాళ్ల బట్టల బ్రాండ్ కేసులో దీని మీదే మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ఫ్లిప్‌కార్ట్‌లో ఆ బ్రాండ్ లిస్టింగులకూ ఫొటోలకూ వేరే సెల్లర్లు తగులుకుని అమ్ముతుంటే యజమాని కోర్టుకెక్కాడు. అనుమతి లేకుండా ఒకరి పేరు మీద ఇంకొకరు ఇలా సవారీ చేయడం కుదరదని, ఆ బ్రాండ్ విషయంలో వేరే సెల్లర్లు అలా తగులుకునే వెసులుబాటును ఫ్లిప్‌కార్ట్ ఆపేయాలని కోర్టు ఆదేశించింది. ఆన్‌లైన్‌లో అమ్మే ప్రతివాళ్లూ ఈ కేసు గురించి తెలుసుకోవాలి.

ఇంకో భ్రమ ఉంది. "నాకు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఉంది, జీఎస్టీ ఉంది, ఉద్యమ్ సర్టిఫికెట్ కూడా ఉంది, ఇంకేం కావాలి?" అని ధీమాగా చెప్తారు. ఒకటి తిండి పదార్థాల భద్రతకు, ఒకటి పన్నుకు, ఒకటి చిన్న పరిశ్రమగా లెక్కలోకి ఎక్కడానికి. పేరు మీద హక్కు ఇచ్చేది వీటిలో ఒక్కటీ లేదు. కంపెనీ రిజిస్టర్ చేయించినా, వెబ్‌సైట్ పేరు కొనుక్కున్నా, ఇన్‌స్టాలో పదివేల మంది ఫాలో అవుతున్నా అంతే. పేరుకు సంబంధించింది ట్రేడ్ మార్క్స్ చట్టం, 1999. దరఖాస్తు దాని కిందే వేయాలి. మన రాష్ట్రం చెన్నై ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ కిందికి వస్తుంది. అంతా ఆన్‌లైనే కాబట్టి చెన్నై రైలెక్కే పనేమీ లేదు.

అసలు గొడవ పేరు పెట్టుకోవడం దగ్గరే మొదలవుతుంది. మనవాళ్లు పెట్టే పేర్లు చూడండి. సీమ కారం, రాయలసీమ వంటలు, అనంతపురం చెనిక్కాయలు, అమ్మ చేతి రుచి. వినడానికి కమ్మగా ఉంటాయి, కాదనను. కానీ చట్టంలో తొమ్మిదో సెక్షన్ అని ఒకటుంది. సరుకు ఏమిటో, ఎలాంటిదో, ఏ ఊరిదో చెప్పే మాటను ఒక్కరికే రాసివ్వరు. కారాన్ని కారం అనే హక్కు పక్కింటివాడికీ ఉంది కదా! ఏళ్ల తరబడి వాడి, జనం నోట ఆ మాట మీ సరుకుకే గుర్తుగా స్థిరపడిందని రుజువు చేస్తే కథ వేరు. ఇప్పుడిప్పుడే మొదలుపెట్టిన వాళ్లకు ఆ రుజువు ఎక్కడి నుంచి వస్తుంది?

ప్రియ పచ్చళ్లు తెలియని తెలుగిల్లు లేదు. ఆ పేరులో మామిడికాయ ఉందా, కారం ఉందా, ఊరి పేరు ఉందా? ఏమీ లేదు. అందుకే అది గట్టి పేరు. సరుకుతో సంబంధం లేని మాటో, మీరే పుట్టించిన మాటో పెట్టుకోండి. మొదట్లో "ఇదేం పేరు?" అని అడుగుతారు. అడగనీ. లోగో గీయించుకుని, దాని కింద "రాయలసీమ కారం" అని రాసుకుని మొత్తంగా రిజిస్టర్ చేయించుకోవచ్చని కొందరు సలహా ఇస్తారు. కుదిరినా, మీకు దక్కేది ఆ బొమ్మ మొత్తం మీద హక్కే. రేపు ఇంకొకడు వేరే బొమ్మతో అదే "రాయలసీమ కారం" అంటే వాడిని ఆపడం కష్టం.

ధర్మవరం వాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. ధర్మవరం పట్టుకు భౌగోళిక గుర్తింపు, అదే జీఐ ట్యాగ్ ఉంది. 2017లో బనగానపల్లె మామిడికీ వచ్చింది. ఇవి ఆ ప్రాంతంలో పద్ధతి ప్రకారం నేసేవాళ్లందరిదీ, పండించేవాళ్లందరిదీ. మీ ఒక్క అంగడిది కాదు, కాకూడదు కూడా. "మాకు జీఐ ఉందిలే" అని కూర్చుంటే, పక్క వీధిలో మీ అంగడి పేరే పెట్టుకుని పేజీ తెరిచినవాణ్ని ఆపడానికి ఆ ట్యాగ్ పనికిరాదు. ఊరి పేరు కాపాడేది జీఐ, అంగడి పేరు కాపాడేది ట్రేడ్‌మార్క్. రెండూ కావాలి.

రాయదుర్గం కథ తలుచుకుంటే ఇంకా బాధ. జీన్స్ కుట్టే చేతులు మనవి, నడుము దగ్గర కుట్టే లేబుల్ వేరేవాళ్లది. ఇప్పుడిప్పుడే కొందరు కుర్రాళ్లు సొంత పేరుతో అమ్మడం మొదలుపెట్టారు. వాళ్లయినా మొదటి లాట్ బయటికి పోకముందే ఈ పని చూసుకోవాలి.

ఖర్చు సంగతి. వ్యక్తిగా గానీ, చిన్న సంస్థగా గానీ ఆన్‌లైన్‌లో వేస్తే ప్రభుత్వ ఫీజు ఒక క్లాసుకు, అంటే ఒక సరుకుల వర్గానికి, 4,500 రూపాయలు. పెద్ద కంపెనీలకు 9,000. ఒక ఫొటో షూట్‌కు అంతకంటే ఎక్కువ పోస్తున్నారు మనవాళ్లు. సరుకులు, సేవలు కలిపి మొత్తం 45 క్లాసులు. పొడులు, మసాలాలు, మిఠాయిలు 30లోకి, పచ్చళ్లు, వంటనూనె, వేయించిన గింజలు 29లోకి, బట్టలు 25లోకి వస్తాయి. పేరు తెలుగు లిపిలో వేస్తే అది ఎలా పలకాలో, దాని అర్థమేమిటో దరఖాస్తులోనే రాయాలి. అన్నిటికంటే ముందు ఆ పేరు ఇంకెవరైనా తీసుకున్నారేమో వెతకండి, రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో వెతకడం ఉచితం. స్పెల్లింగ్ మార్చి కూడా వెతకాలి, వినడానికి ఒకేలా ఉన్నా అభ్యంతరం పెడతారు.

వేసిన కొన్నాళ్లకు స్టేటస్‌లో "అబ్జెక్టెడ్" అని కనబడుతుంది. అది చూసి టెన్షన్ పడి వదిలేసినవాళ్లు నాకు తెలుసు. అయ్యా, అది తిరస్కారం కాదు. పరీక్ష చేసిన అధికారి అడిగిన ప్రశ్నలు, అంతే. రిపోర్టు అందిన 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే దరఖాస్తు వదిలేసుకున్నట్టే లెక్క. జవాబు నచ్చితే ట్రేడ్‌మార్క్స్ జర్నల్‌లో వేస్తారు. అక్కడి నుంచి నాలుగు నెలలు ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. ఎవరూ చెప్పకపోతే రిజిస్టర్ అవుతుంది. దరఖాస్తు వేసిన తేదీ నుంచి పదేళ్లు మీది, తర్వాత ఎన్నిసార్లయినా పొడిగించుకోవచ్చు. ఈలోగా పేరు పక్కన టీఎం అని వేసుకోవచ్చు. సున్నాలో ఆర్ ఉన్న గుర్తు మాత్రం రిజిస్టర్ అయ్యాకే. ముందే వేసుకోవడం చట్ట విరుద్ధం. ఇది తెలియక ఎంతమంది ప్యాకెట్ల మీద ముద్రించేస్తున్నారో!

ఇప్పటికే చాన్నాళ్లుగా అమ్ముతున్నవాళ్లు పాత కాగితాలు పారేయొద్దు. మొదటి బిల్లు, కొరియర్ రసీదులు, లేబుల్ ముద్రించిన ప్రెస్ బిల్లు, పాత పోస్టులు అన్నీ దాచండి. మన చట్టంలో ముందు నుంచి వాడుతున్నవాడికి బలం ఎక్కువ. తమిళనాడులో తిరునల్వేలి ఇరుట్టుకడై హల్వా అంగడి పేరు మీద గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్తే, అవతలివాళ్లకు కూడా రిజిస్ట్రేషన్ ఉన్నా, ముందు నుంచి ఆ పేరుతో అమ్ముతున్నవాళ్లదే పైచేయి అని 2015లో తేల్చారు. ఒక్క మాట, ఆ అంగడివాళ్లు నూరేళ్ల చరిత్ర చూపించగలిగారు. మన దగ్గర ఉండేది రెండేళ్ల వాట్సాప్ చాట్. ఆ ధైర్యంతో రిజిస్ట్రేషన్ మానుకోకండి.

చివరగా దళారుల సంగతి. "ఉద్యమ్ సర్టిఫికెట్ లేకుంటే ట్రేడ్‌మార్క్ రాదు, దానికి మూడు వేలు" అని ఒకడు మా వదినకే ఫోన్ చేశాడు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం. పైగా సొంత పేరు మీద వ్యక్తిగా వేసేవాళ్లకు తక్కువ ఫీజు కోసం దాని అవసరమే లేదు. దరఖాస్తు వేశాక వివరాలన్నీ అందరికీ కనబడతాయి కాబట్టి ఫోన్లు ఇంకా ఎక్కువవుతాయి. జర్నల్‌లో వేయడానికి కట్టండి, సర్టిఫికెట్‌కు కట్టండి అంటారు. మొదట కట్టిన ఫీజు తప్ప వీటికి ప్రభుత్వం విడిగా తీసుకునేదేమీ లేదు. లాయరో ఏజెంటో ఉంటే మంచిదే, ముఖ్యంగా అభ్యంతరాలకు జవాబు రాసేటప్పుడు. ప్రభుత్వ ఫీజు ఎంత, మీ ఫీజు ఎంత అని విడివిడిగా రాయించుకుని మరీ ఇవ్వండి.

డౌట్లుంటే కింద అడగండి, తెలిసినంత చెప్తాను. "అన్నా, ఈ పేరు ఎలా ఉంది?" అని మీరు పెట్టబోయే కొత్త పేరు మాత్రం ఇక్కడ కామెంట్లో రాయొద్దు. దరఖాస్తు వేసి, నంబర్ చేతికొచ్చాక రాయండి.