డబ్బాలో మాత్రలు లెక్కపెడితే సరిపోదు

హెచ్‌ఐవీకి మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రంలో, వచ్చినవారు కౌన్సెలర్ బల్ల మీద మాత్రల డబ్బా పెట్టగానే "ఈ నెల ఎన్ని మానేశావు?" అని అడిగితే నిజం బయటికి రాదు. ముప్ఫై మాత్రల్లో రెండు మిగిలితే వేసుకున్నవి 93 శాతం, కావలసింది 95. తిట్లు తప్పించుకోవాలంటే ఆ రెండింటినీ దారిలో పారేస్తే చాలు. లెక్క సరిపోతుంది. ఒంట్లోని వైరస్ ఆ లెక్కకు లొంగదు.

2004 ఏప్రిల్ 1న మన దేశంలో ఉచిత ఏఆర్‌టీ మొదలైనప్పుడు మందులు రోజుకు రెండు పూటలా వేసుకోవలసి వచ్చేది. ఇప్పుడు చాలామందికి టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన ఒకే మాత్ర, రోజుకు ఒక్కసారి. మందు సులువైంది కదా, ఇక చెప్పడానికి ఏముంది అనే ధోరణి కనిపిస్తోంది. నాకైతే చెప్పవలసింది ఇప్పుడే ఎక్కువైందనిపిస్తుంది.

గర్భిణినే తీసుకోండి. ఆమెకు ఐరన్, కాల్షియం మాత్రలు కూడా ఇస్తారు. వాటిని పరగడుపున డోలుటెగ్రావిర్‌తో కలిపి వేసుకుంటే, అవి దాన్ని పేగుల్లోనే పట్టేసి రక్తంలోకి చేరనివ్వవు. భోజనంతో పాటైతే కలిపి వేసుకోవచ్చు. లేదంటే ఏఆర్‌టీ మాత్ర రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో పడాలి. గ్యాస్ సిరప్‌కైతే భోజనం మినహాయింపు కూడా లేదు, ఆ ఎడం పాటించాల్సిందే. కానీ "ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అంటే గ్యాస్ సిరప్ పేరు ఎవరూ చెప్పరు. మన ఇళ్లలో దాన్ని మందు కింద ఎవరు లెక్కేస్తారు? పేరు పెట్టి అడగాలి. క్షయకు రిఫాంపిసిన్ వాడేవారికి పన్నెండు గంటల తర్వాత మరో డోలుటెగ్రావిర్ మాత్ర కావాలి. మధుమేహానికి మెట్‌ఫార్మిన్ వాడుతుంటే దాని మోతాదు చూసుకోవాలి.

వేళ సంగతి మరొకటి. అంతకుముందు వాడిన ఎఫావిరెంజ్ అనే మందు రోజుల్లో తల తిరుగుతుందని పడుకునే ముందు వేసుకోమనేవారు. మందు మారినా పాతవారు రాత్రి అలవాటు మానలేదు. డోలుటెగ్రావిర్‌తో నిద్ర పట్టనివారు పొద్దున్నే వేసుకోవచ్చని ఎవరో ఒకరు చెప్పాలి కదా!

హెచ్‌ఐవీ ఉన్న సంగతి అనుమతి లేకుండా బయటపెట్టకూడదని 2017 చట్టం చెబుతోంది. అత్తగారి కంటపడకుండా డబ్బా ఎక్కడ దాచాలో చట్టం చెప్పలేదు. ఆ మాట కౌన్సెలరే ఎత్తాలి. "ఎన్ని మానేశావు?" బదులు "ఏ రోజు కుదరలేదమ్మా?" అంటే, "పెళ్లికి వెళ్లాం, గది నిండా చుట్టాలే" అన్న జవాబు రావచ్చు. గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలనీ, మరునాడు రెండు కలిపి వేసుకోకూడదనీ చెప్పాల్సిన సమయం అదే.