లప్పం గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ లప్పం గారికి,

తిరుపతి నుంచి ఒక అద్దె ఇంటి వాసి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. మీ దయవల్ల గోడలు కూడా పైకి క్షేమంగానే కనిపిస్తున్నాయి.

మరమ్మతుల విద్యలో మీ అంతటి ఘనులు లేరు. పునాది కుంగిందా, పైపు కారుతోందా, లోపలి కడ్డీ తుప్పు పట్టిందా అని మీరు ఎన్నడూ అడగరు. పగులు కనిపిస్తే చాలు, దూరి కూర్చుంటారు. పైన ఒక పూత రంగు పడగానే ఇంటి యజమాని అద్దె పెంచుతారు.

అయితే మీకు పోటీ వచ్చింది. బ్రిటన్‌లో అన్నా డుమిట్రియు అనే కళాకారిణి 1941 నాటి ఆడవారి సూటు ఒకటి తీసుకుని, దాని చిరుగులకు, మరకలకు పట్టుగుడ్డ మాసికలు వేశారు. ఆ పట్టు మీది గులాబీ మచ్చలు ఈ-కోలి బ్యాక్టీరియావి. శాస్త్రవేత్తలతో కలిసి, యాంపిసిలిన్ అనే యాంటీబయాటిక్ మందును తట్టుకునే జన్యువును, జన్యువులను కత్తిరించి అతికించే క్రిస్పర్ పద్ధతిలో వాటి నుంచి తీసేయించారు. ఆ ఖాళీలో, ఉన్నదానితో సర్దుకోండి, చిరిగింది కుట్టుకోండి అనే యుద్ధకాలపు నినాదాన్ని డీఎన్ఏ అక్షరాల్లో అతికించారు. పెన్సిలిన్‌ను ఇన్ఫెక్షన్ నయం కావడానికి సూదిమందుగా అందుకున్న తొలి రోగి, ఒక పోలీసు, కోలుకుంటూ ఉండగానే మందు అయిపోయి చనిపోయిందీ 1941లోనే. తర్వాత కొరత తీరింది. జలుబుకు కూడా యాంటీబయాటిక్ మింగి మనమే బ్యాక్టీరియాకు కవచం తొడిగాం. ఆవిడ ఆ కవచం ఒలిచి, ఒలిచిన చోట నినాదం రాసి పెట్టారు.

ఎంత అమాయకత్వమో చూడండి! జన్యువులో ఆనవాలు లేకుండా అతుకు వేయగలిగి కూడా, బట్ట మీద మాసిక పదిమందికీ కనిపించేలా గులాబీ రంగులో వేయడమా? పరువు ఏం కావాలి? ముందుగా మిమ్మల్ని సంప్రదించాల్సింది.

పైగా అనుమతుల గొడవ ఒకటి. జన్యువు మార్చిన సూక్ష్మజీవిని ముట్టుకోవాలంటే మన దేశంలో 1989 నాటి నిబంధనలున్నాయి. సంస్థలో ఒక జీవభద్రతా కమిటీ, దానిపైన ఇంకా కమిటీలు. బయటపడితే ఎవరికి హాని, బాధ్యులెవరు అని ఆరా తీస్తారు. మీకైతే డబ్బా మూత తీస్తే చాలు. కంటికి కనిపించని జీవికి అన్ని ప్రశ్నలు, మనుషుల నెత్తిన ఉన్న స్లాబుకు ఒక్కటీ లేదు.

సూక్ష్మజీవులతో కళ మాకు కొత్తేమీ కాదు లెండి. శ్రీకాళహస్తి కలంకారీ వారి నలుపు, ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో రోజుల తరబడి పులియబెడితే వచ్చేదే. పులియబెట్టేది ఎవరనుకున్నారు?

అదే ఊళ్లో, 1516లో కృష్ణదేవరాయలు కట్టించిన రాజగోపురం 2010 మే 26న కూలింది. కూలకముందు పగుళ్లు చూసినవారు చాలామందే. ఆ గోపురానికి మిమ్మల్ని పూశారని నేననను. పగులు చూసి కూడా 'ఏమీ కాదులే' అనే గుణం మాత్రం మీ వంశానిదే.

మా వంటింటి పైకప్పు పగులు మళ్లీ నోరు తెరిచింది. మిమ్మల్నే పంపుతానని యజమాని సెలవిచ్చారు. వచ్చేటప్పుడు దయచేసి కాస్త గులాబీ రంగు కలుపుకుని రండి.

ఇట్లు,
మీ పూత కింద కాపురముంటున్న ఒక అద్దెదారు