ఐదువందల గీత

మద్రాసులో కాపురం చేసేవాళ్ళకి ఏడాదికి పన్నెండు నెలలుండవు, ఆరు జతలుంటాయి. జతలో ఒకటి కరెంటు బిల్లు రాని నెల, రెండోది వచ్చే నెల. రాని నెలలో మనుషులు మనుషుల్లాగే ఉంటారు. పెళ్ళిళ్ళకి చదివింపులు చదివిస్తారు, రంగనాథన్ వీధిలో బేరమాడకుండా కూడా కొంటారు. వచ్చే నెలలో అదే మనిషి, ఫ్రిజ్ తలుపు రెండోసారి తీసిన కన్నకొడుకుని దొంగని చూసినట్టు చూస్తాడు. నెల జీతంతో రెండు నెలల బిల్లు కట్టే ఊళ్ళో నెలవారీ బడ్జెట్ వేయడమంటే మాటలు కాదు. నెలనెలా రీడింగ్ తీస్తామన్న హామీ 2021 ఎన్నికల్లో వినిపించింది. 2025 వేసవి దాకా మేమైతే రెండు నెలలకోసారే గుండె చిక్కబట్టుకుంటున్నాం.

మా వారు ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తారు. ఇంట్లో కూడా అదే చూస్తారు, జీతం లేకుండా. ఒకటో తారీఖు సాయంత్రం కళ్ళజోడు తుడుచుకుని, ఎర్ర అట్ట ఖాతా పుస్తకం తీసి, అద్దె, ఆవిన్ పాల కార్డు, నీళ్ళ క్యాన్లు, పేపరు, నగల కొట్లో కట్టే చీటీ, ఎల్ఐసీ, నెల్లూరుకి పంపాల్సింది అంటూ వరసగా రాస్తారు. చివర్లో ‘ఇతరములు’ అని ఒక పద్దు. మా ఇంటి లెక్కతేలని పాపాలన్నీ అందులోకే పోతాయి.

ఆ పుస్తకంలో కరెంటు పద్దు దగ్గర మాత్రం ఎర్రసిరాతో 500 అని రాసి, చుట్టూ గీత గీసి ఉంటుంది. దాని కథ తెలియకపోతే మా కథ అర్థం కాదు. 2025 వేసవి నాటి లెక్కలో, రెండు నెలలకి 500 యూనిట్ల లోపు వాడితే మొదటి 100 ఉచితం. తర్వాతి వందకి యూనిట్ 2.35, ఆపైన రెండువందలకి 4.70, చివరి వందకి 6.30. 2024 జూలై ధరల లెక్కన సరిగ్గా 500కి బిల్లు 1,805 రూపాయలు. 501వ యూనిట్ తిరిగిందో, ఆ 2.35 మెట్టే మాయమైపోయేది. ఆ వందకీ 4.70 కట్టాల్సొచ్చేది, 501వ దానికి 8.40. మొత్తం 2,048 రూపాయల 40 పైసలు. అంటే ఆ ఒక్క యూనిట్ ఖరీదు 243 రూపాయల 40 పైసలు! ఇంకో చిక్కు కూడా ఉంది. రీడింగ్ తీసేవాడు నాలుగు రోజులు ఆలస్యంగా వస్తే, ఆ నాలుగు రోజులూ మన ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి, గీత మాత్రం ఐదువందల దగ్గరే నిలబడి ఉంటుంది.

“ఒక్క యూనిట్‌కి రెండొందల నలభై మూడు రూపాయలు పెట్టే వెర్రివాణ్ణి కాను” అని మా వారు ఏప్రిల్‌లోనే ప్రకటించారు. అప్పటికే మా అత్తగారు నెల్లూరు నుంచి దిగిపోయారు. అక్కడి ఎండలకి తాళలేక, కొడుకింట్లో ఏసీ ఉందని, రెండు జాడీల ఆవకాయతో వచ్చారావిడ. వచ్చిన రాత్రే తెలిసింది, ఏసీ పదకొండు నుంచి ఒంటిగంట దాకానేనని.

“ఏందిరబ్బయా, దానికి కూడా దేవళం మాదిరి టైములు పెట్టావా?” అన్నారు.

ఆ రెండు గంటలూ నలుగురం ఒకే గదిలో పడుకునేవాళ్ళం. ఒంటిగంటకి అలారం మోగేది. ఏసీ ఆపడానికి ఆయన లేచేవారు, ఆగింది కాబట్టి మేమంతా లేచేవాళ్ళం.

మే నెల కత్తిరి ఎండలు మొదలయ్యేసరికి చట్టాలు బిగిశాయి. ఇస్త్రీ పెట్టె అటకెక్కింది. అది వెయ్యి వాట్లు, గంట వాడితే యూనిట్ హరీ అన్నారు. నిజమే, కాదనను. బట్టలు వీధి చివర బొగ్గుల ఇస్త్రీ బండికి వెళ్ళాయి, చొక్కాకి ఇంత, చీరకి అంత అని. గ్రైండర్‌కి దుప్పటి కప్పారు. ఇడ్లీ పిండి ప్యాకెట్లు కొనుక్కొచ్చాం. మా వాడు ప్లస్ వన్, అంటే పదకొండో క్లాసు, పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాడు కదా, గ్రైండర్ అడుగున అతికించిన చీటీ చదివి, “నాన్నా, ఇది నూట యాభై వాట్లే. గంట రుబ్బినా రూపాయి కాదు. పిండి ప్యాకెట్ యాభై రూపాయలు” అన్నాడు. వాళ్ళ నాన్న, “రూపాయి సంగతి కాదురా, గీత సంగతి” అన్నారు. గీత సంగతొస్తే ఆయన దగ్గర లెక్కలు పనిచెయ్యవు. ఆఫీసులో లెక్కలతోనే బతికే మనిషి ఇంట్లో ఇలా ఎందుకవుతారో నాకింకా అంతుబట్టలేదు.

ఫోన్ల చార్జింగ్ ఆఫీసుకి బదిలీ అయింది. పొద్దున్నే క్యారియర్ సంచీలో సాంబారు గిన్నె పక్కన మా మూడు ఫోన్లూ సర్దుకుని వెళ్ళేవారు. ఫోను నిండా చార్జి చేస్తే యూనిట్‌లో ముప్పయ్యో వంతు కూడా కాలదని మా వాడు మొత్తుకున్నా వినలేదు. ఒకరోజు ఆడిటర్లు కూర్చుని ఉండగా సంచీలోంచి గోవింద నామాలు మొదలయ్యాయట. అది అత్తగారి రింగ్‌టోన్. నెల్లూరు నుంచి వాళ్ళ చెల్లెలు, ఎత్తేదాకా చేస్తూనే ఉంటుంది. ఆడిటర్లలో పెద్దాయన చెప్పులు విప్పి కాళ్ళు దగ్గరపెట్టుకుని కూర్చున్నాడని మా వారే చెప్పారు. చార్జింగ్ మర్నాడు మళ్ళీ ఇంటికొచ్చింది.

మధ్యాహ్నాలు ఇంట్లో ఉండకూడదన్నది తర్వాతి చట్టం. “పశ్చిమ మాంబళంలో ఉండి ఎండకి మాడడమేమిటి? స్టేషన్ దాటితే టీ నగర్. అంతంత కొట్లలో ఏసీ ఊరికే వస్తోంది” అన్నారు. 2023లో స్టేషన్ నుంచి టీ నగర్ బస్టాండు దాకా ఆకాశ వంతెన వేశారు కాబట్టి వీధిలో తోపులాట కూడా లేదు. అత్తగారూ, నేనూ వెళ్ళి ఒక పట్టుచీరల కొట్లో మూడో అంతస్తులో కూర్చున్నాం. నిజంగానే హాయిగా ఉంది. కానీ చీరల కొట్లో ఊరికే ఎంతసేపు కూర్చుంటాం? ఆ పిల్ల మంచినీళ్ళిచ్చింది, తర్వాత కాఫీ ఇచ్చింది, ఆ తర్వాత చీరలు విప్పడం మొదలెట్టింది. కాఫీ తాగి లేచొస్తే మర్యాదగా ఉండదని అత్తగారు ఒక కంచి కాటన్ తీసుకున్నారు, 1,850 రూపాయలు. నేను తీసుకోలేదు. జాకెట్టు ముక్కలు తీసుకున్నాను, అంతే. ఆ సాయంత్రం ‘ఇతరములు’ పద్దులో మా వారు సిరా ఒలకబోసినంత సేపు కలం పట్టుకుని కూర్చున్నారు. మర్నాటి నుంచి ఉచిత ఏసీ పథకం రద్దు.

అప్పుడు అత్తగారు తన దారి తాను వెతుక్కున్నారు. ఎదురు ఫ్లాట్‌లో మామి, అంటే అరవ బ్రాహ్మణ ఇల్లాలు, ఒక్కరే ఉంటారు. ఒక్కగానొక్క కొడుకు టొరాంటోలో. మామికి తెలుగు సీరియళ్ళు అర్థమవుతాయి, అత్తగారికి అరవం సీరియళ్ళు అర్థం కావు గానీ ఏడుపులు అర్థమవుతాయి. ఇద్దరికీ తెగ కుదిరింది. మధ్యాహ్నం రెండింటికి వెళ్తే దీపాలు పెట్టే వేళకి తిరిగొచ్చేవారు, మొహం కడిగిన ముత్యంలా. వెనకాలే మా వాడు కూడా, “నాయనమ్మకి తోడు” అంటూ. మామి తనొక్కరే ఉంటే పగలు ఏసీ వేసుకోరట, పెద్దావిడ వచ్చారని వేస్తున్నారట. “ఎంత మంచి మనిషో!” అని మా వారు మురిసిపోయారు.

రీడింగ్‌కి వారం ఉందనగా అసలు యుద్ధం మొదలైంది. మా మీటర్లన్నీ కింద మెట్ల పక్కన గదిలో వరసగా ఉంటాయి. తెల్లారి స్నానం కూడా చెయ్యకుండా మా వారు అక్కడికెళ్ళి, పాత రీడింగ్ తీసేసి, ఈ పూట ఎంతో ప్రకటించేవారు. అంకె భయపెట్టేలాగే ఉంది. “ఇక ఫ్రిజ్ ఆపడమే” అన్నారు.

“అందులోవి ఏం చెయ్యమంటారండీ?”

“మామి ఫ్రిజ్ సగం ఖాళీయే కదా. అమ్మ రోజూ చూస్తోంది.”

ఒక్కరి సంసారం కాబట్టి నిజంగానే ఖాళీ. పాలు, పెరుగు, పిండి ప్యాకెట్లు, మామిడి రసం, కూరగాయలు అన్నీ ఎదురింటికి వలస వెళ్ళాయి. ఇన్ని సామాన్లు చేరేసరికి చల్లదనం చాలట్లేదని మామి ఫ్రిజ్ మీట చివరిదాకా తిప్పేశారు. చిక్కల్లా చేపల పులుసు దగ్గరొచ్చింది. అత్తగారు ముందురోజే పెద్ద గిన్నెడు పెట్టారు, మామిడికాయ ముక్కలేసి, రెండో రోజుకి ఊరాలని. దాన్ని మామి ఇంటి గుమ్మం దాటించలేం. ఈ ఉక్కకి రేపటిదాకా ఆగదు. అంచేత ఆ రాత్రికి నలుగురం కూర్చుని గిన్నె ఖాళీ చేశాం. అర్ధరాత్రి ఏసీ లేదు, కడుపులో చోటు లేదు. పైన డాబా మీద పడుకుంటే దోమలకి మా పులుసు చేరింది.

గడువు రోజు రానే వచ్చింది. పొద్దున మీటరు 491 చూపిస్తోందని మా వారు గెలిచినట్టు చెప్పి ఆఫీసుకెళ్ళారు. సాయంత్రం రాగానే వాచ్‌మన్‌ని అడిగితే ఎవరూ రాలేదన్నాడు. రోజంతా గేటు దగ్గరే ఉన్నానన్నాడు. రెండు వీధుల అవతల టీ కొట్టు కూడా అతని లెక్కలో గేటు దగ్గరే.

“ఇప్పుడే చంపేది” అన్నారు మా వారు. మర్నాటికి 494. ఆ మర్నాటికి 496. ఫ్యాన్లు కూడా వంతులవారీగా వెయ్యమన్నారు. పెద్దవాళ్ళు ముందు, అంటే ఆవిడ ఫ్యాను కింద, మేము ఆవిడ పక్కన. నేను పాలు కావాలన్నా ఎదురింటి తలుపు కొట్టాల్సొచ్చేది. కాఫీ తాగాలనిపించి, మళ్ళీ మామిని లేపాలని మొహమాటపడి మానుకున్న పూటలున్నాయి. 499 అయిన సాయంత్రం మా వారు మాట్లాడకుండా వెళ్ళి మెయిన్ ఆపేశారు.

చీకట్లో నలుగురం. కొవ్వొత్తి వెలిగిస్తే ఇంకా ఉక్క అని అదీ ఆర్పేశాం. అత్తగారు విసనకర్రతో విసురుకుంటూ, “మీ నాయన పోయిన ఏడు కూడా నేనింత చీకట్లో కూసోలేదు రా” అన్నారు. అంతలో తలుపు చప్పుడైంది. ఫోను లైటు పట్టుకుని మామి.

“ఏమిది, మీకు మాత్రం కరెంటు పోయిందా? నాకు ఉండాదే!” అని లోపలికొచ్చారు. మొహం బాగాలేదు. “మా పిల్లవాడు ఫోన్ చేసినాడు. ఈబీ కరెంటు బిల్లు ఆన్‌లైన్లో వాడే కడతాడు కదా. ఈ తూరి ఐదువందలా మూడు యూనిట్లు వచ్చిందంట. ఎప్పుడూ నాలుగువందలా యాభై దాటదు. ఒక్కదానివే ఉండి ఏం చేస్తున్నావమ్మా అని కోపం పడతాడు.”

మా వారు చీకట్లోంచి, “బిల్లు వచ్చిందా? ఎప్పుడు వచ్చింది?” అన్నారు. ఐదువందలా మూడు సంగతి ఆయనకి వినపడనే లేదు.

“మూడు దినాలైంది కదా రీడింగ్ ఎత్తి. మీకు మెసేజ్ రాలేదా?”

ఎలా వస్తుంది? కనెక్షన్ ఇంటి యజమాని పేరు, నంబరూ ఆయనదే. ఆయన కోయంబత్తూరులో ఉంటారు. వచ్చిన మెసేజ్ ఆయన ఫోన్లో హాయిగా ఏసీలో పడుకుని ఉండి ఉంటుంది. మీటరు కార్డు మీద రీడింగ్ రాసిపోయే రోజులైతే మెట్ల దగ్గరే తెలిసేది. మా వాడు మామి ఫోనే తీసుకుని మా కనెక్షన్ నంబరు కొట్టాడు. నిమిషం పట్టలేదు. గడువు రోజునే తీశారు. 491 యూనిట్లు, 1,748 రూపాయలు.

“అంటే ఈ మూడు రోజులూ కొత్త లెక్కా?” అన్నారు మా వారు.

“కొత్త లెక్కలో ఎనిమిది యూనిట్లయ్యాయి నాన్నా. ఇంకా నాలుగువందల తొంభై రెండున్నాయి” అన్నాడు వాడు, నవ్వాపుకుంటూ. వెళ్ళి మెయిన్ వేశాడు. అన్ని గదుల్లో అన్ని ఫ్యాన్లూ, టీవీ, ఆఖరికి బాత్రూమ్ లైటూ ఒక్కసారే వెలిగాయి. అత్తగారు ఎవరినీ అడక్కుండా ఏసీ రిమోట్ అందుకున్నారు.

మా వారు పుస్తకం తీశారు. ‘ఇతరములు’ పద్దు కలం పట్టి కూడారు, ఇంకోసారి కూడారు. పిండి ప్యాకెట్లు, ఇస్త్రీ బండి, చీర, జాకెట్టు ముక్కలు, చీకట్లో వండలేక హోటల్ నుంచి తెచ్చిన టిఫిన్లు. ఎంతయిందో పైకి చెప్పలేదు. నేను తొంగిచూశాను కాబట్టి నాకు తెలుసు, 4,360. దాని ఎదురుగా ‘ఆదా: 243.40’ అని చక్కటి దస్తూరీతో రాసి, కింద రెండు గీతలు గీశారు.

“ఒరేయ్, మామి బిల్లు మన వల్లే కదరా పెరిగింది. ఆ దుడ్లు మనమే ఇయ్యాల” అన్నారు అత్తగారు. మామి, “అయ్యో, డబ్బులు వద్దు వద్దు” అని గట్టిగా చేతులూపి వెళ్ళిపోయారు. మా వారి ప్రాణం కుదుటపడింది.

పది నిమిషాలకి మామి మళ్ళీ వచ్చారు, చంకలో నానబెట్టిన బియ్యం గిన్నె, చేతిలో మినప్పప్పు గిన్నె.

“మీకిప్పుడు ఎనిమిదే కదా అయింది? మా పిల్లవాడు తిడతాడు, ఈ రెండు నెలలు నా పిండి ఇక్కడే రుబ్బుకుంటాను.”

అత్తగారు గ్రైండర్ మీది దుప్పటి లాగేశారు. “నూట యాభై వాట్లే నాన్నా” అన్నాడు మా వాడు.

“ఇస్త్రీ బట్టలు రేపు తెస్తాను” అన్నారు మామి.