జాక్‌ను వదిలేయండి, ర్యాప్చర్‌ను తీయండి

నిన్న రాత్రి మా పిన్ని కొడుకు ఫోన్‌లో అన్న మాట నాకు ఇంకా మింగుడు పడడం లేదు. నేను వెంటపడగా వెంటపడగా వాడు ఈ మధ్యే బయోషాక్ అనే వీడియో గేమ్ ఆడడం మొదలుపెట్టాడు. సముద్రగర్భంలోని ర్యాప్చర్ నగరంలోకి దిగి సగం దూరం వచ్చాడు కూడా. ఇంతలో ఎవరో వాడికి ఒక వీడియో పంపారు. ఆట కథనంతటినీ తెలుగులో పది పన్నెండు నిమిషాల్లో వివరించి, ఆటగాడికి చాలాసేపు తెలియకూడని రహస్యాన్ని మొదట్లోనే బయటపెట్టి, చివర్లో ఇది చిన్న కథే కాబట్టి రెండు గంటల సినిమాకు సరిగ్గా సరిపోతుందని తీర్పు కూడా చెప్పిన వీడియో అది. "కథ తెలిసిపోయింది కదన్నయ్యా, ఇంక ఆడడం దేనికి? సినిమా వచ్చాక చూసేస్తాలే" అన్నాడు వాడు. వాడి మీద నాకు కోపం లేదు. ఆటలోని కథ అంటే విడదీసి చెప్పుకోదగిన సంఘటనల వరుస మాత్రమేనని, దాన్ని ఎవరు చెప్పినా, ఏ రూపంలో చెప్పినా ఒకటేనని వాడికి నేర్పిన వాళ్ల మీదే నా కోపమంతా. ఆ వీడియో చేసిన మనిషి ఆలోచనకూ, ఇన్నేళ్లుగా ఈ ఆటను సినిమా చేయాలని తిరుగుతున్న స్టూడియోల ఆలోచనకూ నాకు తేడా కనిపించడం లేదు.

ఇక్కడి నుంచి ఆటలోని రహస్యాలు ఉంటాయి. ఆడే ఉద్దేశం ఉన్నవాళ్లు దయచేసి ఇక్కడే ఆగి, ఆడి వచ్చి చదవండి.

కెన్ లెవిన్ బృందం రూపొందించిన బయోషాక్ 2007 ఆగస్టులో విడుదలైంది. 1960లో అట్లాంటిక్ మహాసముద్రంలో విమానం కూలిపోగా ప్రాణాలతో మిగిలిన జాక్ అనే యువకుడిగా మనం ఒక లైట్‌హౌస్ దగ్గరికి ఈదుకుంటూ వెళ్తాం. అక్కడి నుంచి, ఆండ్రూ ర్యాన్ అనే శ్రీమంతుడు సముద్రం అడుగున కట్టించిన ర్యాప్చర్ నగరానికి చేరతాం. ప్రభుత్వమైనా, దేవుడి పేరు చెప్పేవాళ్లైనా, పేదల పేరు చెప్పేవాళ్లైనా ఒక మనిషి చెమటోడ్చి సంపాదించిన దానిలో వాటా అడగడానికి వీల్లేని చోటు కావాలనుకున్నాడు ర్యాన్. మనం వెళ్లేసరికి ఆ నగరం నీళ్లు కారుతూ, శిథిలమై, మానవాతీత శక్తులిచ్చే ఆడమ్ అనే పదార్థానికి బానిసలై మతి చెడిన మనుషులతో నిండి ఉంటుంది. అట్లాస్ అనే వ్యక్తి రేడియోలో మనకు దారి చూపిస్తాడు. ఆ తలుపు తెరవమంటాడు, ఆ ఆయుధం తీసుకోమంటాడు, తన భార్యాబిడ్డల్ని కాపాడమంటాడు, చివరికి ర్యాన్‌ను చంపమంటాడు. ఎంతో మర్యాదగా అడుగుతాడు, మనం చేస్తూ పోతాం. ఎందుకు చేస్తున్నామని ఒక్కసారి కూడా ప్రశ్నించుకోం, ఎందుకంటే ఆటల్లో ఎవరో పని చెప్పడం, మనం దాన్ని చేసి ముందుకు కదలడం ఎప్పటి నుంచో అలవాటైపోయింది.

ర్యాన్ ఎదుట నిలబడినప్పుడు అసలు సంగతి తెలుస్తుంది. అట్లాస్ నోట తరచూ వచ్చిన ఆ మర్యాదమాట వినబడగానే చెప్పిన పని చేసి తీరేలా జాక్‌ను పసితనం నుంచే తయారుచేశారు. ర్యాన్ అదే మాటతో మనల్ని కూర్చోబెడతాడు, లేపుతాడు, పరుగెత్తిస్తాడు, తన గోల్ఫ్ కర్రను మన చేతికిచ్చి తనను చంపమంటాడు. కంట్రోలర్ మన చేతుల్లోనే ఉంటుంది గాని, ఆపాలని ఏ మీట నొక్కినా జాక్ చెయ్యి ఆగదు. మనిషి తన దారి తానే ఎంచుకుంటాడని, బానిస మాత్రమే చెప్పింది చేస్తాడని అంటూనే ర్యాన్ ఆ దెబ్బలకు చనిపోతాడు. గంటల తరబడి మన ఇష్టంతోనే ఆడుతున్నామనుకున్న మనం, వెనక్కి తిరిగి చూసుకుంటే ఒక్క పని కూడా మన ఇష్టంతో చేసింది కాదని ఆ గదిలో గ్రహిస్తాం. ఇది జాక్‌కు జరిగిన సంఘటన కాదు, ఆడుతున్న మనిషికి జరిగిన సంఘటన. కెమెరా ముందు నటుడు అదే గోల్ఫ్ కర్రతో అదే మనిషిని కొడితే ప్రేక్షకుడికి జాక్ మీద జాలి కలుగుతుంది, ర్యాన్ మీద గౌరవం కలుగుతుంది, కానీ తన మీద తనకు ఏ అనుమానమూ కలగదు. అతను ఎవరి ఆజ్ఞనూ పాటించలేదు కదా.

లిటిల్ సిస్టర్ల సంగతీ అంతే. శవాల నుంచి ఆడమ్ సేకరించే ఆ చిన్నపిల్లలు మన చేతికి చిక్కినప్పుడు, పిల్లను చంపితే 160 పాళ్ల ఆడమ్ దొరుకుతుంది, కాపాడితే 80 దొరుకుతుంది. చుట్టూ ప్రాణాలు తీసేవాళ్లు తిరుగుతుండగా, ఆ శక్తి నిజంగా అవసరమైన సమయంలో, ఎవరూ చూడని గదిలో మన చేత్తో తీసుకునే నిర్ణయం అది. సినిమాలో ఆ నిర్ణయం రచయిత తీసుకుంటాడు. కథానాయకుడు మంచివాడు కాబట్టి పిల్లను కాపాడతాడని టికెట్ కొన్న ప్రతివాడికీ ముందే తెలుసు.

కథ ముందే తెలిసినంత మాత్రాన ఏం పోయిందని అడిగేవాళ్లు మన పద్యనాటకాలను ఉదాహరణగా చూపిస్తారు. కురుక్షేత్రం కథ తెలియనివాడు మన ఊళ్లలో ఉండడు, అయినా తెల్లవార్లూ కూర్చుని చూసిన తరాలు ఉన్నాయని అంటారు. ఆ మాట నిజమే, నేనూ అలా చూసినవాణ్నే. అక్కడ మనం వెళ్లేది కృష్ణుడు రాయబారానికి వెళ్లాక ఏమవుతుందో తెలుసుకోవడానికి కాదు, ఆ పద్యాన్ని ఆ నటుడు ఏ రాగంలో ఎత్తుకుంటాడో, ఎంతసేపు నిలబెడతాడో వినడానికి. తెలిసిన కథ అక్కడ మన ఆనందానికి ఆధారం. ర్యాన్ గదిలో జరిగేది దీనికి పూర్తిగా వ్యతిరేకం. తెలియక చేసిన పనికి బాధ్యత వహించడమే అక్కడ కథ, కాబట్టి తెలిశాక ఆ పనిని మళ్లీ తెలియకుండా చేయడం ఎవరి వల్లా కాదు. మా తమ్ముడు పోగొట్టుకున్నది ఒక మలుపు కాదు, జీవితంలో ఒక్కసారే దొరికే అనుభవాన్ని పోగొట్టుకున్నాడు. సినిమా వచ్చినా, రాకపోయినా అది వాడికి తిరిగి రాదు.

ఇక సినిమా చరిత్రకు వస్తే, 2008లో యూనివర్సల్ స్టూడియో గోర్ వెర్బిన్‌స్కీ దర్శకత్వంలో దీన్ని తీస్తామని ప్రకటించింది. పెద్దలకు మాత్రమే తగిన సినిమాగా, దాదాపు 20 కోట్ల డాలర్లతో తీయాలని దర్శకుడు పట్టుబట్టాడు, స్టూడియో అంత పెట్టడానికి వెనుకాడింది, 2009లో పని ఆగిపోయింది. తర్వాత మరో దర్శకుడితో, తక్కువ ఖర్చుతో తీయాలన్న ప్రయత్నాన్ని తానే ఆపించానని లెవిన్ 2013లో చెప్పాడు. 2022లో నెట్‌ఫ్లిక్స్ మళ్లీ ప్రకటించి, ఫ్రాన్సిస్ లారెన్స్‌ను దర్శకుడిగా ఎంచుకుంది. బడ్జెట్ తగ్గించామని, మరింత వ్యక్తిగతమైన కథగా తీస్తామని 2024లో నిర్మాత చెప్పగానే అభిమానులందరూ మండిపడ్డారు. నగరాన్ని సరిగా చూపించరని, లిటిల్ సిస్టర్లకు కాపలా తిరిగే బిగ్ డాడీ ఆకారం చౌకగా ఉంటుందని వాళ్ల బాధ. నా బాధ అది కాదు. 20 కోట్లు పెట్టి ప్రతి గాజుగోడనూ, ప్రతి నియాన్ బోర్డునూ అచ్చుగుద్దినట్టు నిర్మించినా, నడిమధ్యన జాక్‌ను నిలబెట్టి అతని బాల్యం, అతని కన్నీళ్లు చూపించారంటే ఆ డబ్బంతా సముద్రంలో పోసినట్టే. ఆటలో జాక్ ముఖం కనిపించకపోవడం, దాదాపు మాటే లేకపోవడం లోపం కాదు. ఆ ఖాళీలో ఆడే మనిషి ఉంటాడు.

ఈ మాట రాస్తుంటే హేలో అనే మరో ఆటకు జరిగిన గాయం మళ్లీ రేగుతోంది. ఇరవై ఏళ్లపాటు ఆటల్లో హెల్మెట్ వెనక ముఖం దాచుకున్న దాని కథానాయకుడు మాస్టర్ చీఫ్ చేత 2022లో వచ్చిన సిరీస్ మొదటి ఎపిసోడ్‌లోనే ఆ హెల్మెట్ తీయించారు. నటుడి ముఖం కనిపించకపోతే ప్రేక్షకుడు దగ్గర కాడని వాళ్ల వాదన. కోట్లమంది ఆ హెల్మెట్ వెనక తమనే చూసుకున్నారన్న సంగతి వాళ్ల లెక్కలోకి రాలేదు. రెండు సీజన్ల తర్వాత 2024లో సిరీస్‌ను ఆపేశారు. అలా ఆగిపోవడం నాకు సంతోషాన్నివ్వలేదు, ఎందుకంటే ఆ నష్టానికి కారణం ఆటలేనని, ఆటల్లో సినిమాకు పనికొచ్చే సరుకు లేదని చెప్పుకోవడానికి కొందరికి అది ఇంకో సాక్ష్యం అయింది.

దీనికి విరుగుడుగా కెమెరాను కథానాయకుడి కళ్లలో పెట్టమని కొందరు సలహా ఇస్తారు. 2005లో వచ్చిన డూమ్ సినిమాలో కొన్ని నిమిషాలు అలాగే తీశారు, చూస్తుంటే వేరొకరు ఆడుతున్న ఆటను వాళ్ల భుజం మీదుగా చూస్తున్నట్టే అనిపించింది. ఇంకొందరు, 2018లో నెట్‌ఫ్లిక్స్ బ్యాండర్‌స్నాచ్‌లో చేసినట్టు ప్రేక్షకుడి చేతికి రిమోట్ ఇచ్చి దారి ఎంచుకోమనాలంటారు. ర్యాన్ గదిలో మనసును కోసేది ఎంపిక దొరకడం కాదు, ఎంపిక ఎప్పుడూ లేదని తెలియడం. రెండు నిమిషాలకోసారి తెర మీద రెండు దారులు చూపించే సినిమా ఆ మాటను ఎప్పటికీ చెప్పలేదు.

మరి ఆటలను సినిమాలుగా తీయకూడదా అంటే, తీయాలి. 2023లో హెచ్‌బీఓ తీసిన ది లాస్ట్ ఆఫ్ అస్ మూడో ఎపిసోడ్‌లో బిల్, ఫ్రాంక్ అనే ఇద్దరి జీవితాన్ని ఆటలో లేని విధంగా, ఏళ్ల తరబడి సాగే ప్రేమకథగా చూపించారు. అది కెమెరాకు చేతనైన పని, చాలా గొప్పగా చేశారు. 2024లో వచ్చిన ఫాలౌట్ సిరీస్ ఏ ఒక్క ఆట కథనూ ఎత్తుకోకుండా, అదే ప్రపంచంలో కొత్త మనుషులతో కొత్త కథ చెప్పింది. అయితే ఆ సిరీస్‌లు వచ్చాక మన వాళ్లలో కొందరు, ఆటల్లో ఇంత కథ ఉంటుందా అని ఆశ్చర్యపడడం నన్ను చాలా నొప్పించింది. పదేళ్లుగా ఇదే మాట మేం చెబుతుంటే, పెద్దవాడివై కూడా బొమ్మలాటలు ఆడతావా అన్నవాళ్లే వాళ్లు. తెర మీద నటుల ముఖాలు కనిపిస్తేనే ఒక కథకు గౌరవం వస్తుందన్న ఈ నమ్మకమే సినిమా వచ్చాక చూసేస్తాలే అనే మాటకు మూలం.

బయోషాక్‌ను తీసేవాళ్లు వినే మాటైతే నేను చెప్పేది ఒక్కటే. జాక్ జోలికి వెళ్లకండి. ర్యాప్చర్ ఎలా కూలిపోయిందో చెప్పండి. దానికి కావలసినదంతా ఆటలో దొరికే ఆడియో డైరీల్లోనే ఉంది. యుద్ధంలో చేతులు చచ్చుబడిన ఒక మనిషి, సముద్రపు జలగలాంటి ప్రాణి కరిచాక రేవులో హాయిగా బంతాట ఆడుతుండడం చూసి టెనెన్‌బామ్ అనే శాస్త్రవేత్త ఆడమ్‌ను కనిపెట్టింది. ఎవడి సొత్తూ ఎవడూ లాక్కోకూడదని నగరం కట్టిన ర్యాన్, తనకు పోటీ వచ్చిన ఫాంటేన్ వ్యాపారాన్ని తానే స్వాధీనం చేసుకున్నాడు. బయటి ప్రపంచం నుంచి బైబిళ్లు దొంగచాటుగా తెచ్చినవాళ్లకు ఉరిశిక్షలు వేయించాడు. 1958 డిసెంబరు 31 రాత్రి విందులో బాంబులు పేలాయి. వీటన్నింటి మధ్య బిల్ మెక్‌డొనా అనే ప్లంబర్ ఉన్నాడు. ర్యాన్‌ను మనసారా నమ్మి, ఆ నగరపు గొట్టాలన్నీ తన చేతులతో చూసుకుని, పాలకమండలిలో చోటు సంపాదించుకుని, చివరికి ర్యాన్‌ను చంపడం తప్ప దారి లేదన్న నిర్ణయానికి వచ్చినవాడు. జాక్‌గా మనం వెళ్లేసరికి అతను ర్యాన్ కార్యాలయం బయట కనిపించే శవాల్లో ఒకడు.

అతను ర్యాప్చర్‌కు తన ఇష్టంతో వచ్చాడు, తన ఇష్టంతో ర్యాన్‌కు సేవ చేశాడు, తన ఇష్టంతోనే ఎదురుతిరిగాడు. అలాంటి మనిషిని కుర్చీలో కూర్చుని చూసినా కథలో ఏమీ తగ్గదు. ఆ కథకు చిన్న బడ్జెట్ కూడా చాలు, ఎందుకంటే అందులో ముఖ్యమైనది ఒక స్నేహం విరగడం, దానికి కావలసింది ఇద్దరు మంచి నటులు, నీళ్లు కారే కొన్ని గదులు. జాక్ ఎక్కిన విమానం కూలకముందే ఆ సినిమా ముగిసిపోవాలి.